మర్దన చికిత్స: తగిన చికిత్సకుని ఎన్నుకొనుట ఎలా?

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉదయపు నడకకు వచ్చే పెద్దలలో మోకాళ్ల నొప్పి, గ్రంథాలయంలో గంటల తరబడి వంగి చదివే విద్యార్థులలో మెడపట్టు సర్వసాధారణం. ఇరువురికీ ఇరుగుపొరుగు చెప్పే సలహా ఒక్కటే: "నూనె పట్టించి మర్దన చేయించుకోండి." సలహా మంచిదే. కాని తార్నాక వంటి పేటలో ఆయుర్వేదం, ఫిజియోథెరపీ, యోగ చికిత్స, స్పా అనే బోర్డులు అనేకం కనిపిస్తాయి. వాటిలో ఏ తలుపు తట్టవలెను?

ఎవరికి ఏ అర్హత?

ఆయుర్వేద వైద్యునికి బి.ఎ.ఎం.ఎస్., ప్రకృతి వైద్యునికి బి.ఎన్.వై.ఎస్., ఫిజియోథెరపిస్టుకు బి.పి.టి. పట్టం ఉండవలెను. ఆయుర్వేద వైద్యవృత్తికి 2020 నాటి చట్టమూ, ఫిజియోథెరపీ వంటి వృత్తులకు 2021 నాటి చట్టమూ ఉన్నవి. పట్టము, రిజిస్ట్రేషన్ సంఖ్య అడుగుట మర్యాద తప్పినట్లు కాదు. అడిగినందుకు విసుగుకొనే చోటికి వెళ్లకపోవుటే మేలు. స్పాలో చేసే మర్దన అలసట తీర్చవచ్చు గాని, అది రోగనిర్ణయం కాదు.

ప్రభుత్వ వైద్యశాలను కోరువారు తార్నాకలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎర్రగడ్డలో దిగితే అక్కడ బి.ఆర్.కె.ఆర్. ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల వైద్యశాల కలదు.

చరకుడు చెప్పిన కొలమానం

వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనే నాలుగు పాదములపై చికిత్స నిలుస్తుందని చరకసంహిత చెబుతున్నది. వైద్యునికి శాస్త్రజ్ఞానం, అనుభవం, నేర్పు, శుచి అనే నాలుగు గుణములు ఉండవలెను. మర్దన చేసే వ్యక్తి సాధారణంగా పరిచారకుడే. కనుక మర్దనకు ముందు వైద్యుడు స్వయంగా పరీక్షించినాడా, లేక పరిచారకుడే అంతా నిర్ణయిస్తున్నాడా అని గమనించవలెను. దుప్పట్లు, తువ్వాళ్లు, నూనె పాత్రలు శుభ్రంగా ఉన్నవో లేదో చూడవలెను. అన్ని రోగాలూ నయం చేస్తామనేవారిని, ముందుగానే నెలల తరబడి సిట్టింగులకు సొమ్ము కట్టమనేవారిని నమ్మరాదు.

రోగి చేయవలసినది

రోగికీ చరకుడు నాలుగు గుణములు విధించినాడు: జ్ఞాపకశక్తి, చెప్పినట్లు నడుచుకొనుట, ధైర్యం, తన బాధను వివరించి చెప్పగలుగుట. చివరిది మర్దన విషయంలో ప్రాణప్రదమైనది. మధుమేహం, రక్తపోటు, ఎముకల బలహీనత, గర్భం, పాత శస్త్రచికిత్సలు, రక్తం పలుచబడుటకు వాడే మాత్రలు - ఏదీ దాచరాదు.

ఢిల్లీలో 2016లో ఒక 23 ఏండ్ల యువకుని చీలమండకు ఆటలో దెబ్బ తగిలి కట్టు వేశారు. కట్టు విప్పిన తరువాతా నొప్పి తగ్గకపోవుటచే ఇంటిలో కాలికి నూనెతో మర్దన చేశారు. లోపలి సిరలో ఏర్పడిన రక్తపు గడ్డ కదలి ఊపిరితిత్తుల రక్తనాళానికి అడ్డుపడి అతడు మరణించినాడు. చేసినవారి ప్రేమలో లోపం లేదు. లోపల గడ్డ ఉన్నదని తెలియకపోవుటే ప్రమాదమైనది.

కనుక ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే ముందు డాక్టరుకు చూపవలెను; మర్దన కూడదు. నడుము నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గినా, మూత్రంపై అదుపు తప్పినా ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లవలెను. మెడను హఠాత్తుగా విరిచి శబ్దం వచ్చేలా తిప్పుటకు ఎన్నడూ అంగీకరించరాదు. జ్వరంలోనూ మర్దన వద్దు. అజీర్ణం, కఫాధిక్యం ఉన్నవారికి, శోధన చికిత్స అయిన వెంటనే అభ్యంగం పనికిరాదని అష్టాంగహృదయం కూడా నిషేధించినది.

చికిత్స జరుగునపుడు

ఏ భాగం తాకుతారో, ఎందుకు తాకుతారో ముందుగా చెప్పించుకొనవలెను. స్త్రీలు స్త్రీ పరిచారికను కోరవచ్చును. తోడుగా ఇంటివారిని ఉంచుకొనవచ్చును. నొప్పి భరింపరానిదైనా, స్పర్శ ఇబ్బందిగా తోచినా, "ఆపండి" అనే హక్కు రోగికి సదా ఉన్నది. నొప్పి ఎంత తగ్గినది, నిద్ర ఎట్లున్నది అనునవి పుస్తకంలో వ్రాసుకొనవలెను. కొన్ని పర్యాయాల తరువాత గుణం కనిపించకున్నచో వైద్యుని మరల ప్రశ్నించవలెను.

ఇంటిలో స్వయంగా

సామాన్యమైన అలసటకు ఎవరి వద్దకూ పోనక్కరలేదు. నువ్వుల నూనె గిన్నెను వేడినీటిలో ఉంచి గోరువెచ్చన చేసి, చేతులకు కాళ్లకు పొడవుగాను, కీళ్ల వద్ద గుండ్రముగాను మృదువుగా రాయవలెను. అరగంట తరువాత సున్నిపిండితో రుద్దుకొని గోరువెచ్చని నీటితో స్నానం చేయవలెను. వృద్ధులు స్నానాల గదిలోకి పోవుటకు ముందే అరికాళ్లు తుడుచుకొనవలెను. జారిపడితే మేలుకు బదులు కీడే మిగులుతుంది.

చేయి మంచిదైనంత మాత్రాన చాలదు. ఆ చేతికి ఎక్కడ ఆగవలెనో తెలిసి ఉండవలెను. అది తెలుసుకొనుటకు కావలసిన సమాచారం ఇవ్వవలసినవారు మీరే.