గుఱ్ఱమునకు ఆరుబయట ఎండుమేత వేయుటకు స్వల్పవ్యయ సాధనములు

హైదరాబాదు పాతబస్తీలో పెండ్లి ఊరేగింపుల నిమిత్తము గుఱ్ఱములను పోషించువారు నేటికిని కలరు. వీరిలో పెక్కండ్రకు గుఱ్ఱపుసాల లేదు. గోడప్రక్కనో, ఖాళీ స్థలములోనో గుఱ్ఱమును కట్టి, మేతను దాని కాళ్ల ముందు నేలపై పడవేయుదురు. పల్లెలలో గుఱ్ఱమునుంచుకొను రైతులును ఇట్లే చేయుదురు. ఇందువలన కలుగు నష్టము దినమునకు పిడికెడుగా కనబడును గాని, సంవత్సరాంతమున లెక్క చూచినచో మిక్కుటముగా నుండును.

300 కిలోల బరువుగల నాటుగుఱ్ఱమునకు దినమునకు సుమారు 6 కిలోల ఎండుమేత కావలెను. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు ఆరుబయట జరిపిన పరీక్షలో, నేలపై వేసిన గడ్డిలో నూటికి 13 పాళ్లు వ్యర్థమయ్యెను; తొట్టి, బుట్ట మొదలగు సాధనములలో వేసినపుడు ఆ నష్టము 1 మొదలు 5 పాళ్లకు దిగెను. ఈ లెక్కను మన గుఱ్ఱమునకు అన్వయించినచో, నేలపై వేయువాడు ఏటికి సుమారు 285 కిలోలు పోగొట్టుకొనును. అది ఆ గుఱ్ఱమునకు 47 దినముల మేత. వానకాలపు బురదలో నష్టము ఇంకను హెచ్చును.

నష్టము గడ్డితోనే పోదు. నేలపై మేయునపుడు ఇసుకయు మట్టియు నోటిలోనికి పోయి, ప్రేగులలో పేరుకొని, శూల పుట్టించును. గుఱ్ఱమునకు వాంతి చేసికొను శక్తి లేదు. కావున శూల వచ్చినచో ప్రాణముమీదికి వచ్చును.

సాధనములలో మాకు మేలుగా తోచినది మూలతొట్టి. రెండు గోడలు కలియు మూలలో, రెండడుగుల ఎత్తున ఇటుకలతో అడ్డుగోడ కట్టి, అడుగున షాబాదు బండముక్కలు పఱచవలయును. ఇండ్లు కట్టుచోట పగిలిన బండలు చవుకగా దొరకును. అడుగును ఒకవైపునకు కొంచెము వాలుగా నుంచి, వాననీరు పోవుటకు రంధ్రము విడువవలయును. అడ్డుగోడ పైయంచు గుండ్రముగా నుండునట్లు సిమెంటు పూయవలయును. లేనిచో మెడయు దవడయు ఒరసికొనిపోవును. ఇట్టి తొట్టిలో గుఱ్ఱము తలవంచి తినును. అది దానికి సహజమైన తీరు. కొందఱు గడ్డిని తలకంటె ఎత్తున వ్రేలాడగట్టుదురు. అది మంచిది కాదు. ధూళియు నూగును కన్నులలోను ముక్కులోను రాలి దగ్గు పుట్టును.

అద్దెయింటిలో ఉండువారు గోడ కట్టజాలరు. అట్టివారు 200 లీటర్ల ప్లాస్టిక్ పీపాను రెండడుగుల ఎత్తునకు కోసి వాడవచ్చును. కోసిన అంచునకు నిలువున చీల్చిన నీళ్ల గొట్టమును తొడిగి, అడుగున నాలుగైదు బెజ్జములు వేయవలయును. తలక్రిందులు కాకుండ పాత లారీ టైరులో దింపి నిలుపవలయును. పీపా కొనునపుడు అందు పూర్వము ఏమి నింపిరో అడుగుడు. పురుగుమందో ఆమ్లమో ఉన్నదానిని ఎన్నిసార్లు కడిగినను వాడరాదు. టైరునే తొట్టిగా వాడువారు ఇనుపతీగలు బయటికి రాకుండ చూడవలయును, క్రిందిభాగమున రంధ్రములు చేయవలయును; టైరులో నిలిచిన నీటిలో డెంగ్యూ దోమ పెరుగును.

పగ్గపుత్రాటితో ఇంటనే అల్లిన వల మఱియొక సాధనము. రెండంగుళముల కన్నులుగల వలలో గుఱ్ఱము ఒక్కొక్క పరకనే లాగి తినగలదు. అందువలన 3 కిలోలు చాలసేపు సాగును. ఇది గుఱ్ఱమునకు ఎంతయు హితము, ఏలయన దాని జీర్ణాశయము చిన్నది. గంటల తరబడి ఖాళీగా నుంచినచో అందు పుండ్లు పడును. అయితే వల ఖాళీయై జాఱినపుడును దాని అడుగు గుఱ్ఱపు ఱొమ్ముకంటె క్రిందికి రాకూడదు. లాడము గొట్టిన కాలు వలలో చిక్కుకొనినచో ఎముక విఱుగును. వలను నేరుగా కొయ్యకు కట్టక, సులభముగా తెగు సన్నని జనపత్రాటితో కట్టవలయును. నైలాను త్రాడు తెగదు గనుక పనికిరాదు. వల అల్లుట రానివారు గోనెసంచికి పిడికిలి పట్టునంత కన్నములు పదింటిని కోసి వాడవచ్చును. అది కొలది వారములు వచ్చును.

మేతను గూర్చి ఒక మాట. నగరమునకు దిగువన మూసీనీటితో పెంచు పారాగడ్డి గేదెలకు మంచిదే గాని, గుఱ్ఱమునకు ప్రధానాహారముగా వేయరాదు. అందలి ఆక్సలేటు కాల్షియమును బంధించును. కాలక్రమమున ఎముకలు బలహీనపడి, ముఖము ఉబ్బి, కుంటు వచ్చును. వేయక తప్పనిచో లూసర్నుగడ్డిని కలిపి వేయవలయును. వరిగడ్డిలో సారము తక్కువ. జొన్నచొప్పను ముక్కలు చేసి వేయుట మేలు. బూజుపట్టిన గడ్డి ఎంత చవుకయైనను వలదు. గన్నేరుకొమ్మ ఎండినను విషమే. కట్టలో కనబడినచో ఏరి పాఱవేయవలయును.

దుమ్ముగా నున్న గడ్డిని అరగంట నీటిలో నానవైచి, నీరు ఓడ్చి వేసినచో దగ్గు తగ్గును. వేసవిలో తడిసిన గడ్డి త్వరగా పులియును. ఆ పూటకు మిగిలినది తీసివేయవలయును. నానవైచిన నీటిని త్రాగింపరాదు.

ప్రతి గుఱ్ఱమునకు వేఱు తొట్టి యుండవలయును. గ్లాండర్స్ అను ప్రాణాంతక వ్యాధి ఉమ్మడి మేతతొట్టివలనను నీటితొట్టివలనను వ్యాపించును, మనుష్యులకును సోకును. ముక్కునుండి చిక్కని చీమిడి కారుచు, చర్మముపై గడ్డలు లేచి పగులుచున్న గుఱ్ఱమును వెంటనే దూరముగా కట్టి, వట్టిచేతులతో తాకక, పశువైద్యునకు తెలుపవలయును. వైద్యుడు చూచువఱకు దాని తొట్టిని, వలను, కడవను మఱియొక గుఱ్ఱమునకు వాడరాదు.