ముఖం ఒకరిది, గొంతు ఒకరిది

తెలుగు సినిమా హీరోయిన్ ఎప్పుడైనా ఒక పాట పాడిందంటే అది పెద్ద వార్త. పోస్టరు మీద వేస్తారు, ఆడియో ఫంక్షన్‌లో యాంకర్ పదేపదే చెబుతుంది, నెల తిరక్కుండా అందరూ మరిచిపోతారు. అమెరికన్ నటి జూయీ డెషనెల్ విషయంలో పాట అలాంటి ముచ్చట కాదు, నటనతో పాటు నడిచే రెండో వృత్తి. 2003లో ‘ఎల్ఫ్’ సినిమాలో స్నానం చేస్తూ పాడే సన్నివేశంలోనే ఆమె గొంతు చాలామంది చెవిన పడింది. తర్వాత ‘ది గో-గెటర్’ అనే చిన్న సినిమా కోసం దర్శకుడు ఆమె చేతా, గిటారిస్టు ఎం. వార్డ్ చేతా ఒక యుగళగీతం పాడించాడు. ఆ పరిచయమే ‘షీ అండ్ హిమ్’ బ్యాండ్ అయింది. పాటలు చాలావరకు ఆమె రాసుకుంటుంది, వాద్యాలూ రికార్డింగూ అతను చూసుకుంటాడు. 2008లో తొలి ఆల్బమ్‌ను మెర్జ్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ విడుదల చేసింది. 2011 నుంచి 2018 దాకా ‘న్యూ గర్ల్’ సీరియల్‌తో ఇంటింటికీ తెలిసిన ముఖం అయ్యాక కూడా ఆమె పాట మానలేదు. 2022లో ఇద్దరూ కలిసి బ్రయాన్ విల్సన్ పాటలతో మరో ఆల్బమ్ తెచ్చారు.

ఇలాంటి జంట మనకు ఎనభై ఏళ్ల కిందటే ఉంది. అందులో సగం ఉత్తరాంధ్ర సొత్తు. సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టిన సంగీత దర్శకుడు రాజేశ్వరరావు 1930లలో తెర మీద నటిస్తూ పాడిన కుర్రాడు. కలకత్తా వెళ్లి అక్కడి బాణీలు వంటబట్టించుకుని వచ్చాడు. రావు బాలసరస్వతి ఆరేళ్లకే గ్రామఫోన్ రికార్డు ఇచ్చి, 1936లో ‘సతీ అనసూయ’తో తెరకెక్కిన పిల్ల. 1940లో గూడవల్లి రామబ్రహ్మం ‘ఇల్లాలు’లో ఇద్దరూ నటించారు, పాడారు. ఆ తర్వాత ‘కోపమేల రాధా’ వంటి పాటలు ఏ సినిమాతోనూ పని లేకుండా, గ్రామఫోన్ కోసమే పాడారు. అప్పటి లక్క రికార్డుకు ఒక్కో పక్క దాదాపు మూడు నిమిషాలే పట్టేది. పల్లవి, చరణాలు, వాద్యాల ముక్కలు అన్నీ అందులోనే ఇమడాలి. కథ లేదు, సన్నివేశం లేదు, డాన్సు లేదు. వినేవాడికి దక్కేది రెండు గొంతులే. ఆ పాటల్లో బాలసరస్వతి గొంతు పెంచదు, పక్కన కూర్చుని చెప్పినట్టు పాడుతుంది. సభలో వెనక వరుసకు వినబడేలా పాడిన నాటకాల తరానికి ఇది అలవాటు లేని పద్ధతి.

మరి తెర మీది నటే పాడే ఆ సంప్రదాయం ఏమైంది? నేపథ్యగానం మింగేసిందని చాలామంది అంటారు. విచిత్రంగా, 1943లో ‘భాగ్యలక్ష్మి’లో కమలా కోట్నిస్‌కు గొంతు అరువిచ్చి తెలుగులో దానికి శ్రీకారం చుట్టింది కూడా బాలసరస్వతే. అయినా నేరమంతా నేపథ్యగానం మీదికి తోసేస్తే కుదరదు. హాలీవుడ్‌లోనూ అరువు గొంతులున్నాయి. 1964 నాటి ‘మై ఫెయిర్ లేడీ’లో ఆడ్రీ హెప్‌బర్న్ పాటలు చాలావరకు మార్నీ నిక్సన్ పాడినవే. అక్కడ పాడే నటి మిగిలింది, ఇక్కడ మిగల్లేదు. తేడా ఎక్కడుందంటే, అమెరికాలో పాటకు సినిమాతో సంబంధం లేని అంగడి ఉంది. మన దగ్గర ఆ అంగడిని సినిమాయే కొనేసింది. గ్రామఫోన్ కంపెనీకి సినిమా పాటే లాభసాటి అయ్యాక ప్రైవేటు పాట రేడియోకు చేరింది. లలిత సంగీతాన్ని రేడియో ప్రేమగానే పెంచింది, కాదనను. కానీ దాన్ని పాడినవాళ్లు ఎక్కువగా నిలయ కళాకారులే తప్ప తెర మీది తారలు కారు.

నటే పాడాలన్న ఈ వాదనకు గట్టి అభ్యంతరమే ఒకటుంది. ‘మిస్సమ్మ’ సినిమాలో నాయిక పాత్ర మొదట తన పాట తానే పాడుకునే భానుమతిది. కొంత షూటింగ్ అయ్యాక ఆమె తప్పుకుంటే సావిత్రి వచ్చింది, ఆమె పాటలు పి. లీల పాడింది. నటి పాడి తీరాలన్న నియమమే ఉంటే సావిత్రి ఉండేది కాదు, విజయనగరం నుంచి వచ్చిన పి. సుశీల గొంతు అన్ని ముఖాలకు అతికేదీ కాదు. నిజమే, ఆ లాభాన్ని ఎవరూ వదులుకోరు. కానీ అదే ఉదాహరణ మరో సంగతీ చెబుతుంది. ముఖాన్నీ గొంతునూ విడదీశాక నటిని మార్చడం నిర్మాతకు సులువైపోయింది. భానుమతి చివరిదాకా తన పాట తానే పాడుకోగలిగిందంటే గొంతు ఒక్కటే కారణం కాదు, వెనక సొంత భరణీ సంస్థ కూడా ఉంది. బాలసరస్వతికి ఆ ఆసరా లేదు. 1944లో కోలంక రాజావారితో పెళ్లయ్యాక నటన క్రమంగా ఆగింది, తర్వాత కొన్నేళ్లకు పాటా తగ్గిపోయింది. ఆ గ్రామఫోన్ పాటలు తెచ్చిన హెచ్ఎంవీ పెద్ద కంపెనీ కదా, వాటిని ఇండీ, అంటే స్వతంత్ర సంగీతం, అని ఎలా అంటారని అడగొచ్చు. కంపెనీ పెద్దదే, కానీ ఆ పాటకు సినిమా కథానాయకుడి డేట్లు అక్కర్లేదు. నా లెక్కలో స్వతంత్రం అంటే అదే.

ఈ మాట ఒడిశా సరిహద్దున ఉన్న పాతపట్నంలో నిలబడి చూస్తే ఇంకా తేటపడుతుంది. ఇక్కడికీ పర్లాకిమిడికీ మధ్య ఎల్లగీతే తప్ప ఎడం లేదు. ఆ గీతకు అవతల ఒడియాలో సినిమాతో పని లేని ‘ఆల్బమ్’ పాట దశాబ్దాలుగా బతుకుతోంది. తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడిన ఒడియా గాయకుడు అక్షయ మహంతి లాంటివాడికి పేరు తెచ్చినవాటిలో అలాంటి పాటలూ ఉన్నాయి. ఇవతల మనకు ఆ అంగడి మళ్లీ తెరుచుకున్నది యూట్యూబ్ వచ్చాకే. ఉత్తరాంధ్ర జానపదం ఇప్పుడు నిర్మాత గడప తొక్కకుండానే జనంలోకి పోతోంది. అయితే ఆ వీడియోల్లో ఎక్కువ వాటికి డాన్సు చేసే అమ్మాయి ఒకరు, పాడే అమ్మాయి ఇంకొకరు. సినిమా పెట్టిన అలవాటు సినిమా లేని చోటికీ వచ్చేసింది. ఆల్బమ్ తీసే కుర్రాళ్లకు నేను అడిగేది ఒక్కటే. వచ్చే పాటకు, గొంతు ఉన్నంతలో, తెర మీది అమ్మాయినే మైకు ముందు నిలబెట్టండి. బాగా రాకపోతే రెండో టేకు ఎలాగూ ఉంటుంది.