తూము దగ్గర వంతు

సంక్రాంతి ముందు రాత్రి. గుండుగొలనులో మా ఇంట్లోంచే పని చేస్తున్నా. పదకొండింటికి ఫోను. ఒకే సర్వర్ మీద మేం నడిపే 40 వెబ్‌సైట్లూ ఆగిపోయాయట. వాటిలో ఓ ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల సైటూ ఉంది!

తప్పు నాదే. సైటు డేటాబేస్‌తో మాట్లాడాలంటే కనెక్షన్ కావాలి. ప్రతిసారీ కొత్తది తెరిస్తే ఆలస్యం. అందుకే కొన్ని తెరిచి ఉంచుకుని మళ్లీ మళ్లీ వాడతారు. అదే కనెక్షన్ పూల్. నేను సైటుకి పదేసి ఇచ్చా. అంటే 400. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మామూలుగా ఒప్పుకునేది 100! అన్ని సైట్లకీ ఒకేసారి రద్దీ లేనన్నాళ్లూ గడిచిపోయింది. పండగ ఆఫర్లతో బండారం బయటపడింది.

పరిమితి పెంచా. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కీ ఒక ప్రాసెస్ నడుస్తుంది. మెమరీ చాలక సర్వర్ మళ్లీ పడిపోయింది.

నాన్న లేచొచ్చారు. సంగతి చెప్పా. ‘‘కాలవ ఒకటే అయినప్పుడు ఎవడి తూము వాడు రాత్రంతా తెరిచిపెట్టుకుంటే ఎలారా? చేను తడిశాక మూసెయ్యాలి’’ అన్నారు.

పరిమితి మళ్లీ 100కి తెచ్చి, మధ్యలో పీజీబౌన్సర్ అనే ప్రోగ్రామ్ పెట్టా. ట్రాన్సాక్షన్ పద్ధతిలో అది పని ఉన్నంతసేపే కనెక్షన్ ఇచ్చి, అవ్వగానే వరసలో ఉన్నవాళ్లకి అందిస్తుంది. దాన్నీ అలాగే వదిలేస్తే ఒక్కో డేటాబేస్‌కి 20 దాకా తెరుస్తుంది. అందుకే రెండేసి చాలన్నా. మొత్తం 80. మిగతావి నిర్వహణకి.

తెల్లారేలోపు ఆసుపత్రి సైటుతో సహా అన్నీ లేచాయి. ఇప్పుడు కొత్త సైటు చేర్చేముందు మొదట లెక్కేసేది ఒకటే... అందరి వంతులూ కలిపితే ఎంత?