ఆటోమేటిక్ కారు పికప్ ఇస్తే వణుకుతోందా? గేర్‌బాక్స్ విప్పించే ముందు ఇవి చూడండి..

యాక్సిలరేటర్ మీద కాలు పెట్టగానే కారు గడగడా వణుకుతుంది. సీటు, స్టీరింగ్, ఒక్కోసారి డ్యాష్‌బోర్డు కూడా అదురుతాయి. షెడ్‌కి తీసుకెళ్తే 'గేర్‌బాక్స్ పోయింది సార్' అనేస్తారు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విప్పి బాగుచేయడం అంటే బిల్లు లక్షల్లోకి వెళ్లొచ్చు. కానీ వందల రూపాయల్లో దొరికే స్పార్క్ ప్లగ్ పాడైనా కారు ఇలాగే వణుకుతుంది. మరి తేడా తెలిసేదెలా? కారు ఎప్పుడు, ఏ స్పీడ్‌లో వణుకుతోందో గమనిస్తే సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

ముందు మీ కారులో ఉన్నది ఏ రకం ఆటోమేటిక్కో తెలుసుకోవాలి. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర జనానికి అలవాటైన ఏఎంటీ నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మన బదులు మెషీన్ చేస్తుందంతే. కాబట్టి గేరు మారేటప్పుడు తల కాస్త ముందుకు ఊగితే కంగారు పడక్కర్లేదు, దాని తీరే అంత. ఆగి ఉన్న కారు కదిలేటప్పుడు వణికితే మాత్రం క్లచ్ ప్లేట్ చూపించాల్సిందే.

ఇంజిన్ లైట్ బ్లింక్ అవుతోందా?

ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు, ఏసీ వేసి నలుగురు కూర్చున్నప్పుడు కారు తుమ్మినట్టు ఆగి ఆగి కుదుపుతోందంటే అనుమానం ముందు ఇంజిన్ మీదకే వెళ్లాలి. ఒక సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడాన్నే మిస్‌ఫైర్ అంటారు. ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్ దీనికి మామూలు కారణాలు. డీజిల్ కారుకు స్పార్క్ ప్లగ్గులు ఉండవు, అక్కడ ఇంజెక్టర్లు చూస్తారు. స్కానర్ పెడితే పీ0300 లాంటి కోడ్ వస్తుంది. పీ0301 అంటే మొదటి సిలిండర్, పీ0302 అంటే రెండోది. చెక్ ఇంజిన్ లైట్ వెలిగి ఆరుతుంటే మాత్రం కాలు తగ్గించి, వీలైనంత త్వరగా కారు పక్కకు ఆపేయండి. మండని పెట్రోల్ సైలెన్సర్ లైన్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. ప్లగ్గుతో పోయే ఖర్చు అప్పుడు చాలా పెద్దదవుతుంది.

రంబుల్ స్ట్రిప్స్ మీద వెళ్తున్నట్టు ఉందా?

రోడ్డు నున్నగానే ఉంటుంది. 50 నుంచి 80 స్పీడ్‌లో లైట్‌గా తొక్కినప్పుడు మాత్రం టైర్ల కింద రంబుల్ స్ట్రిప్స్ ఉన్నట్టు రెండు మూడు సెకన్లు ఒకే తీరుగా అదురుతుంది. టార్క్ కన్వర్టర్ కార్లలో ఇది బాగా తెలిసిన లక్షణం. ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ నేరుగా కలిపే లాకప్ క్లచ్ ఒకటి లోపల ఉంటుంది. ఆయిల్ పాతబడితే అది పట్టుకుంటూ జారుతూ ఉంటుంది. వణుకు అక్కడి నుంచే.

దీనికో చిన్న పరీక్ష ఉంది. వెనక ఏ బండీ లేని ఖాళీ రోడ్డు మీద, వణుకు మొదలవగానే యాక్సిలరేటర్ అలాగే ఉంచి ఎడమ కాలితో బ్రేక్‌ని తగిలీ తగలనట్టు తాకాలి. బ్రేక్ లైట్ వెలిగితే చాలు, చాలా కార్లలో లాకప్ విడిపోతుంది. వణుకు టక్కున ఆగితే కారణం దాదాపు దొరికినట్టే. ఎడమ కాలితో బ్రేక్ అలవాటు లేనివాళ్లు ఈ పరీక్షను మెకానిక్‌కే వదిలేయడం మంచిది.

మొదట్లోనే దొరికితే ఒక్కోసారి ఆయిల్ మార్పుతోనే తగ్గిపోతుంది. 'లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు' అన్న మాటను గుడ్డిగా నమ్మొద్దు, మాన్యువల్ బుక్ చూడండి. అందులో రాసిన గ్రేడే పోయించాలి, తప్పు ఆయిల్ పోసినా ఇదే వణుకు వస్తుంది. తీసిన ఆయిల్ నల్లగా మారి మాడు వాసన వస్తే లోపల అరుగుదల ఉన్నట్టు. స్ట్రాబెర్రీ మిల్క్‌లా ఉంటే నీళ్లో కూలెంటో కలిసినట్టు.. ఇక ఆ కారు స్టార్ట్ చేయకండి, టోయింగ్ పిలవండి.

'మీ డ్రైవింగే సరిగా లేదు' అంటే?

డ్యూయల్ క్లచ్ కార్లు, ముఖ్యంగా డ్రై క్లచ్ ఉన్నవి, ట్రాఫిక్‌లో అడుగడుగునా పాకిస్తే వేడెక్కి వణుకుతాయి. ఫ్లైఓవర్ ఎక్కేచోట బ్రేక్ వేయకుండా యాక్సిలరేటర్‌తోనే కారును నిలబెట్టే అలవాటు వీటికి అస్సలు పడదు. అలాగని ప్రతి వణుకూ డ్రైవర్ తప్పు కాదు. ఆస్ట్రేలియాలో పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్స్ ఉన్న ఫియస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్లు వణుకుతున్నాయని ఫిర్యాదు చేస్తే, అది మీరు నడిపే తీరు వల్లేనని కస్టమర్లకు చెప్పారు. ఆ ఫిర్యాదుల విషయంలో వ్యవహరించిన తీరుకు 2018లో అక్కడి ఫెడరల్ కోర్టు ఫోర్డ్ ఆస్ట్రేలియాకు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. కాబట్టి వారంటీలో ఉన్న కారైతే నోటిమాటతో సరిపెట్టుకోవద్దు, ఫిర్యాదును జాబ్ కార్డులో రాయించి కాపీ తీసుకోండి.

ఇవేవీ కాకపోతే? బ్రేక్ తొక్కి డి లో పెట్టినప్పుడు అదిరి, న్యూట్రల్‌లో తగ్గితే ఇంజిన్ మౌంటింగ్ మీద అనుమానం. గట్టిగా పికప్ ఇచ్చినప్పుడు అదిరి, కాలు తీయగానే పోతే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ చూపించాలి.

సర్వీస్ సెంటర్‌లో 'కారు వణుకుతోంది' అని ఊరుకోకండి. 'ఇంజిన్ వేడెక్కాక, 60 స్పీడ్‌లో, లైట్‌గా తొక్కితే' అని చెప్పండి. పక్క సీట్లో ఉన్నవాళ్లతో ఆర్‌పీఎం మీటర్ వీడియో తీయించి పెట్టుకోండి, షెడ్‌కి వెళ్లాక వణుకు రాకపోతే అదే చూపించొచ్చు. మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండ్ వేశాకే ఎస్టిమేట్ అడగండి.