బిగుసుకున్న మిక్సర్‌తో కుస్తీ వద్దు

సూళ్లూరుపేటలో నాది హార్డ్‌వేర్ కొట్టు. ఎండలు ముదిరేకొద్దీ విరిగిన కుళాయి మిక్సర్ హ్యాండిళ్లు కౌంటరు మీదికి వస్తుంటాయి. "అన్నా, పైకి లేవడం ల్యా. కొంచెం గట్టిగా లాగితే ఊడొచ్చేసింది" అంటారు. ఆ గట్టిగా లాగడమే వద్దని నా మొర.

మా ఊరి పక్కనున్న పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు. వేసవిలో మా వైపు నీళ్లు ఇంకిపోయి, శ్రీహరికోట రోడ్డుకు అటూ ఇటూ నేల తెల్లగా ఉప్పు తేలుతుంది. గాలిలో ఉప్పే, చాలా బోర్లలోనూ ఉప్పే. దానికి తోడు సున్నం. తాగే నీళ్ల కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఫరవాలేదని భారత ప్రమాణాలు చెబుతాయి. స్నానానికీ గిన్నెలకూ వాడే బోరు నీళ్లను ఎవరు కొలిపిస్తారు? బిందె అడుగున గార కట్టే ఆ నీళ్లే మిక్సర్‌లోకీ పోతాయి. కాగితే గార మరీ ఎక్కువ. నీళ్లలో కరిగివున్న కాల్షియం బైకార్బనేట్ వేడికి విడిపోయి, కార్బొనేట్‌గా పేరుకుంటుంది. గీజర్ పైపు వచ్చే వైపే లివర్ ముందుగా బిగుసుకోవడానికి కారణం ఇదే.

ఒకే లివర్‌తో వేడినీ చల్లనినీ కలిపే ఆలోచన ఆల్ మోయెన్ అనే అమెరికన్‌ది. 1937లో, చదువుకుంటున్న రోజుల్లో, రెండు పిడుల కుళాయి కింద చేతులు కాలాక ఆయనకది తట్టింది. ఇప్పటి మిక్సర్లలో లివర్ కింద కార్ట్రిడ్జ్ ఉంటుంది. దాని లోపల రెండు సిరామిక్ బిళ్లలు తిరగలి రాళ్లలా ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. కిందిది కదలదు, పైది లివర్‌తో కదిలి రంధ్రాలను తెరుస్తుంది, మూస్తుంది. బిళ్లలు అంత తేలిగ్గా అరగవు. వాటి చుట్టూ గార చేరుతుంది, రబ్బర్లు బిరుసెక్కుతాయి.

విప్పేముందు గీజర్ స్విచ్ ఆపండి. సింకు కింది యాంగిల్ కాక్‌లు రెండూ కట్టేయండి. అవీ బిగుసుకుపోయి ఉంటే (మా పక్క మామూలే) ట్యాంకు దగ్గరి గేట్ వాల్వ్ కట్టండి. సింకు రంధ్రంలో గుడ్డ కుక్కండి, స్క్రూ పడితే వెతుకులాటే. లివర్ మీద ఎరుపు, నీలం రంగుల చిన్న మూత ఉంటుంది. పిన్నీసుతో లేపితే లోపల స్క్రూ, దానికి అలెన్ కీ కావాలి. స్క్రూ వదులైనా హ్యాండిల్ రాదు. అక్కడే చాలామంది పానా పడతారు. వద్దు. వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి, అరగంట ఆగండి. సన్నగా బుడగలొస్తే గార కరుగుతున్నట్టే. తర్వాత నీళ్లతో కడిగి, అటూ ఇటూ మెల్లగా కదిలిస్తూ పైకి తీయండి.

కింద గుండ్రటి మూతను చేత్తో, ఇత్తడి నట్టును పానాతో విప్పితే కార్ట్రిడ్జ్ పైకొస్తుంది. అడుగున రెండు చిన్న ముక్కులుంటాయి, ఏది ఏ రంధ్రంలో ఉందో ఫోటో తీసుకోండి. వేణ్ణీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి అందులో కొన్ని గంటలు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. రబ్బర్లకు సిలికాన్ గ్రీజు కొద్దిగా రాయండి. కొబ్బరి నూనె, బండి గ్రీజు పనికిరావు, రబ్బరు ఉబ్బిపోతుంది. బిళ్ల పగిలినా, లివర్ అప్పటికీ కదలకపోయినా కొత్తది వేయాల్సిందే. 35, 40 మిల్లీమీటర్ల సైజులు ఎక్కువగా దొరుకుతాయి. పాతది చేతపట్టుకుని కొట్టుకు రండి, చూపుతో సైజు చెప్పలేం.

బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం మిక్సర్ దగ్గరికి రానీయకండి. క్రోమ్ పూత పోతుంది, కింది ఇత్తడిని తినేస్తుంది. యాసిడ్, వెనిగర్, నిమ్మ ఉప్పు, వీటిలో ఏదీ బ్లీచింగ్ పౌడర్‌తో కలవకూడదు. విషవాయువు పుడుతుంది.

మళ్లీ బిగించాక, కుళాయి మూతి జాలీ తీసి, లివర్ తెరిచి ఉంచి యాంగిల్ కాక్‌లు నెమ్మదిగా వదలండి. కదిలిన ఇసుకా గారా కొట్టుకుపోతాయి. ఆ తర్వాత వారానికోసారి లివర్‌ను వేడి చివరి నుంచి చల్లని చివరిదాకా తిప్పుతుంటే గారకు కుదురుకునే వీలుండదు. విప్పేటప్పుడు గోడలోపలి పైపు కూడా తిరుగుతున్నట్టు అనిపిస్తే అక్కడే ఆపి ప్లంబర్‌ను పిలవండి.