చుక్క పెడితే సాగుతుంది, కామా పెడితే దిగుతుంది!

పాశ్చాత్య స్వరలిపిని కంప్యూటరులో అచ్చుకు సిద్ధం చేయబూనే మన సంగీత విద్యార్థులను ముందుగా తికమక పెట్టేవి చుక్క, కామా. మన పుస్తకాలలో స్వరం నెత్తిన చుక్క ఉంటే తారస్థాయి, అడుగున ఉంటే మంద్రస్థాయి. స్వరాన్ని సాగదీయడానికి పక్కన కామా పెడతారు. ‘లిలీపాండ్’ అనే సాధనంలో ఇదంతా తిరగబడుతుంది. అక్కడ సాగదీసేది చుక్క, స్థాయి దించేది కామా. అలవాటు కొద్దీ కామా కొట్టారా, స్వరం అమాంతం ఒక స్థాయి కిందికి జారుతుంది!

నెదర్లాండ్స్‌కు చెందిన హాన్-వెన్ నీన్‌హౌస్, యాన్ నీవెన్‌హౌజెన్ 1996లో ప్రారంభించిన ఈ సాధనం ఉచితం. స్వరాలను అక్షరాలుగా టైపు చేస్తే అయిదు గీతల మీద అచ్చు అదే దిద్దుతుంది. సంగీతాన్ని అక్షరాలలో రాయడం మనకు కొత్తేమీ కాదు. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లోనే తెలుగు లిపిలో వెలువడింది.

స్వరాక్షరం పక్కన వేసే అంకె నిడివిని చెబుతుంది. 4 అంటే పావు, 8 అంటే అందులో సగం. అంకెను అంటించి చుక్క పెడితే ఆ నిడివికి సగం కలుస్తుంది. రెండు చుక్కలు పెడితే సగంతోబాటు ఆ సగంలో సగమూ కలుస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అంకె వేయని స్వరం ముందుదాని నిడివినే తీసుకుంటుంది, చుక్కతో సహా! పుట్టినరోజు పాట ఎత్తుగడ సాధారణంగా చుక్క గల 8తో మొదలై 16తో పూర్తవుతుంది. రెండూ కలిస్తే సరిగ్గా పావు. రెండో స్వరానికి 16 వేయడం మరిస్తే అదీ చుక్క గల 8 అయిపోతుంది, పావు దాటిపోతుంది. అక్కణ్ణుంచి బారు గీతలన్నీ తప్పుచోట పడతాయి. పాడేవారికి తాళం తప్పుతుంది. చూడటానికి మాత్రం అచ్చు ముచ్చటగానే ఉంటుంది!

మరో తమాషా. చుక్కకు ముందు అడ్డగీత పెడితే అది సాగదీసే చుక్క కాదు. ఆ స్వరాన్ని తుంచి పలకమన్న గుర్తు. అచ్చులో కూడా పక్కన కాక స్వరానికి పైనో కిందో పడుతుంది.

ప్రతి బారు చివర నిలువు గీత టైపు చేసుకోవడం మేలు. అది అచ్చులో కనబడదు, కానీ లెక్క తప్పిన చోట హెచ్చరిక వస్తుంది. గీతలు పెట్టని పాటలో తప్పును స్వరం స్వరం లెక్కపెట్టి వెతుక్కోవలసిందే.