మునిగిన వరి ఏల బ్రతుకును?

వరి నీటిని కోరు పైరు. మొదలు తడియునంత నీరు నిలిచిన మడిలో అది హాయిగా పెరుగును. అదే పైరు తల మునుగునట్లు నీట పడినచో, సామాన్య వంగడములలో పెక్కు వారము పదిదినములలో నశించును. గోదావరి డెల్టాలో సార్వా ఊడ్పులు ముగిసిన వెనుక భారీవర్షము కురిసి మురుగుకాలువలు పొంగినప్పుడు, రైతు గట్టుమీద నిలిచి లెక్కించునది దినములనే. నీరు మూడునాళ్లలో దిగునా, వారము దాటునా అనుదానిపై ఆతడు పెట్టిన విత్తనము, కూలి, ఎరువు అన్నియు ఆధారపడియుండును. ఆ దినములను నీటిక్రింద మొక్క ఎట్లు గడుపునో తెలిసికొందము.

ముంపులో మొక్కకు కలుగు మొదటి కష్టము గాలి కరవు. వాయువులు గాలిలో వ్యాపించు వేగముతో పోల్చినచో నీటిలో సుమారు 10,000 రెట్లు మెల్లగా వ్యాపించును. కనుక ప్రాణవాయువు చాలినంత లోనికి చేరదు. బురదనీటిలో వెలుతురు కూడ తగ్గుటచే ఆకు తగినంత ఆహారమును తయారుచేయజాలదు. ఇక మొక్క తాను కూడబెట్టుకొన్న పిండిపదార్థమును, చక్కెరను ఖర్చుపెట్టి బ్రతుకవలెను. ఆ నిలువ తరిగినకొలది దాని ప్రాణము క్షీణించును.

తాను మునిగిన సంగతి మొక్కకు ఎట్లు తెలియును? ఎథిలీన్ అను వాయువు వలన. మామిడికాయలను గడ్డిలో మాగవేసినప్పుడు వానిని పండించునది ఈ వాయువే. 1901లో రష్యా శాస్త్రజ్ఞుడు నెల్యుబోవ్, దీపములకు వాడు వాయువులోని ఎథిలీన్ వలన బఠాణీ మొలకలు వంకరపోవుచున్నవని చూపెను. మొక్కలు తామే దీనిని పుట్టించునని 1934లో ఇంగ్లండులో గేన్ నిరూపించెను. ఆరుబయట ఇది పుట్టినది పుట్టినట్లే గాలిలో కలిసిపోవును. నీటిలోనో, బయటకు పోవుదారి లేక మొక్కలోపలనే పోగుపడును. ఈ పోగుపాటే ముంపు వచ్చినదను కబురు. ఇట్లు స్వల్పపరిమాణములో పుట్టి పెరుగుదలను నడుపు పదార్థములనే మనము హార్మోనులు అనుచున్నాము.

కబురందిన వెంటనే సామాన్యముగా వరి పైకి సాగును. ఇందుకు తోడ్పడునది జిబ్బరెల్లిన్ అను వేరొక హార్మోను. వరిమొలకలను అతిగా సాగదీయు ఒక బూజుతెగులును పరిశీలించుచు, ఆ సాగుటకు కారణము బూజు స్రవించు పదార్థమేయని 1926లో జపాను శాస్త్రజ్ఞుడు కురొసావా తెలిపెను. జిబ్బరెల్లిన్ కథ అచ్చటనే మొదలైనది. బంగ్లాదేశ్, థాయిలాండు దేశముల లోతునీటి వరులు ఈ శక్తితోనే జీవించును. అచ్చట నీరు మెల్లగా పెరిగి నెలల తరబడి నిలుచును. ఆ వరులలో కొన్ని దినమునకు 20 సెంటీమీటర్లకు పైగా సాగి, ఆకుకొనలను నీటిపైకి చేర్చి, బోలుకాడల గుండ గాలిని క్రిందికి తెచ్చుకొనును.

కాని మెరుపువలె వచ్చి రెండువారములలో తీయు వరదలో ఈ పరుగు ప్రాణాంతకము. పైకి సాగుటకై మొక్క తన నిలువనంతయు వెచ్చించును. నీరు దిగునప్పటికి సన్నగిల్లిన కాడ నిలువలేక పడిపోవును. మరల చిగురించుటకు దానిలో ఏమియు మిగిలియుండదు.

ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్. 13ఎ అను పాతవంగడము ఇందుకు భిన్నముగా నడచుకొనును. మునిగినప్పుడు అది ఎదుగుదలను ఆపి, చక్కెరను పొదుపుచేసి, నీరు తీసిన పిమ్మట పెరుగుటకు పూనుకొనును. 1996లో ఈ గుణమునకు మూలము 9వ క్రోమోజోముపై కలదని గుర్తించిరి. 2006లో సబ్1ఎ అను జన్యువు బయటపడినది. విశేషమేమనగా దీనిని మేల్కొలుపునదియు ఎథిలీనే. మేల్కొన్న జన్యువు, జిబ్బరెల్లిన్ పనికి అడ్డుపడు ప్రోటీనులను పెంచును. హార్మోను కబురు ఒక్కటే. దానిని విని ఒక వరి పరుగెత్తును, వేరొకటి ఊపిరి బిగబట్టి వేచియుండును.

పశ్చిమగోదావరి జిల్లా మార్టేరు పరిశోధనకేంద్రమున రూపొందిన స్వర్ణ వరి మన రైతులకు చిరపరిచితము. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనాసంస్థలో దానికి ఈ జన్యువును సంకరణము ద్వారా చేర్చిరి. అట్లు ఏర్పడిన స్వర్ణ-సబ్1 2009లో మనదేశమున విడుదలయైనది. దిగుబడి, గింజ ఇంచుమించు స్వర్ణవలెనే యుండి, సుమారు రెండువారముల ముంపును ఓర్చుకొనగలుగుట దీని విశిష్టత.

అయితే ఒక హెచ్చరిక. ఈ ఓర్పు ఊడ్చిన పిదప ఎదుగుదశలో వచ్చు ముంపునకు ఉద్దేశింపబడినది. పూతదశలో వచ్చు వరదకు గాని, నెలల తరబడి నడుములోతున నిలుచు నీటికి గాని, నీటిక్రింద విత్తనము మొలకెత్తుటకు గాని ఇది మందు కాదు. వానికి వేరుగుణములు కావలెను. మురుగు పోవుదారి లేనిచోట రెండువారములు మూడువారములగును. అప్పుడు సబ్1ఎ సహితము చేయగలది స్వల్పము. కనుక వంగడమును ఎన్నుకొనుటకు ముందు మన చేనిలో నీరు ఏ నెలలో వచ్చునో, ఎంత లోతు నిలుచునో, ఎన్నినాళ్లకు తీయునో వ్రాసికొని చూచుట మేలు. మొక్కకు జన్యువు ఇచ్చునది కొంత గడువు మాత్రమే. ఆ గడువులోగా నీటిని సాగనంపు కాలువను పూడిక లేకుండ ఉంచుట మన వంతు.